పడవ ఎక్కనన్న మనిషినే ప్లాన్ వెయ్యమనండి

సమస్య

మాది విజయనగరం జిల్లా నెల్లిమర్ల. మా వారు జూట్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. బాబు మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, అమ్మాయి విశాఖలో ఉంటోంది. వచ్చే ఏడాదికి మా పెళ్ళై నలభై ఏళ్ళు. ఆ సందర్భానికి అందరం ఆగస్టులో గ్రీసు దీవులకు వెళ్దామని, వారం రోజులకు ఒక పడవ మన కోసమే అద్దెకు తీసుకుంటానని బాబు అంటున్నాడు. బోటు నడిపే లైసెన్సు సంపాదించాడు, తనే నడుపుతాడట. ఒక రోజు టర్కీ ఒడ్డు కూడా చూపిస్తాడట.

మా వారు ససేమిరా అంటున్నారు. "గోదారే అంత పని చేసింది, సముద్రం ఊరుకుంటాదేటి?" అని ఒకటే మాట. ఆయనకి ఈత రాదు, బీపీకి మందులు వాడుతున్నారు. అమ్మాయికి ఆరేళ్ళ పాప ఉంది, దాన్ని తల్చుకుని ఇంకా భయపడుతున్నారు. "నాన్నకి ఏం చేసినా అనుమానమే" అని బాబు నొచ్చుకున్నాడు. ఇప్పుడు తండ్రీకొడుకులు నేరుగా మాట్లాడుకోవడం మానేసి, ఒకరి మాట ఇంకొకరికి నాతో చెప్పిస్తున్నారు. నాకేమో వెళ్ళాలనే ఉంది. కోనాడ వెళ్ళినప్పుడల్లా పడవల్ని చూడటమే గానీ ఎక్కింది లేదు. ఎవరికి నచ్చజెప్పాలి?
- ఒక పాఠకురాలు, నెల్లిమర్ల

సలహా

ముందుగా మీ వారి మాట. గోదావరి గురించి ఆయన అన్నదాంట్లో అతిశయోక్తి ఏమీ లేదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూపిస్తామని బయల్దేరిన రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. అందులో ఉన్నవాళ్ళు 77 మంది, ప్రాణాలతో బయటపడ్డది 26 మంది. ఆ రోజు నదిలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద ఉంది. చాలామంది ఒంటిమీద లైఫ్ జాకెట్లు లేవు. అంతకు రెండేళ్ళ ముందు, 2017 నవంబరు 12న, కార్తీకమాసపు ఆదివారం నాడు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో తిరగబడిన ప్రైవేటు బోటుకు అసలు అనుమతే లేదు. 22 మంది పోయారు. వాళ్ళలో ఎక్కువమంది కార్తీక విహారానికని ఒంగోలు నుంచి వచ్చినవాళ్ళే.

ఈ రెండు చోట్లా ప్రమాదానికి బీజం ఒడ్డునే పడింది. ఈ నీటిలో ఇవాళ బయల్దేరొచ్చా, నడిపేది ఎవరు, ఎంతమందిని ఎక్కించుకోవాలి, జాకెట్లు వేసుకున్నారా అని గట్టిగా అడిగినవాళ్ళు లేకపోయారు. మీ ఇంట్లో ఆ ప్రశ్నలు అడిగే మనిషి ఉన్నారు. ఆయనకు నచ్చజెప్పే పని పెట్టుకోకండి, ప్లాన్ ఆయన చేతికివ్వండి. ఆయన షరతులు రాస్తారు, బాబు వాటికి ఏర్పాట్లు చేస్తాడు.

ఆ షరతుల్లో మొదటిది నెల. ఆగస్టు వద్దు. గ్రీసుకూ టర్కీకీ మధ్య ఉన్న ఏజియన్ సముద్రంలో జులై, ఆగస్టుల్లో మెల్టెమి అనే ఉత్తరపు గాలి విసురుగా వీస్తుంది. ఆకాశం నిర్మలంగానే ఉంటుంది, మబ్బు కనిపించదు, అలలు మాత్రం లేస్తాయి. సాంటొరిని, మైకొనోస్ ఉన్న సైక్లడీస్ దీవుల మీద దాని జోరు ఎక్కువ. ఒక్కోసారి పడవలు రోజుల తరబడి రేవులోనే ఉండిపోవాల్సి వస్తుంది. మే ఆఖరు, జూన్ మొదటి వారాలు మీలాంటి కుటుంబానికి అనువైనవి. చోటు కూడా మార్చుకోవాలి. ఏథెన్స్‌కు ఆనుకుని ఉన్న సరోనిక్ గల్ఫ్‌లో ఈజీనా, పోరోస్, హైడ్రా దీవులు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఒక దీవి నుంచి ఇంకో దీవికి కొన్ని గంటల ప్రయాణమే. ఈజీనాలో ప్రాచీన అఫాయియా ఆలయం, పిస్తా తోటలు ఉన్నాయి. హైడ్రాలో కార్లు తిరగవు, సామాన్లు గాడిదల మీద మోస్తారు.

రెండోది సరంగు. బాబు లైసెన్సు తీసుకోవడం మెచ్చుకోవాల్సిన విషయమే. అయినా గ్రీసులో సిబ్బంది లేని పడవ అద్దెకివ్వాలంటే నడిపే మనిషికి లైసెన్సు ఉండటంతో సరిపోదు, పడవ పని తెలిసిన రెండో మనిషి కూడా పక్కన ఉండాలి. మీ ఇంట్లో ఆ రెండో మనిషి ఎవరు? పైగా అమ్మానాన్నల నలభయ్యో పెళ్ళిరోజుకి కొడుకు వారమంతా చుక్కాని దగ్గరే నిలబడితే ఇంక మీతో గడిపేదెప్పుడు? ఆ నీళ్ళు తెలిసిన స్థానిక స్కిపర్‌ను పెట్టుకోండి. అతనికి పడవలో ఒక గది, భోజనం మీరే చూడాలి. దానికి తోడు రోజుకింత అని జీతం. ఇవాళ బయల్దేరడం కుదరదని అతను అంటే ఎవరూ ఎదురు చెప్పకూడదు. ఈ మాట ముందే అనుకోండి. నిపుణులు నడిపే పెద్ద నౌకలకూ కష్టం వచ్చిన సందర్భాలున్నాయి. 2024 ఆగస్టు 19 తెల్లవారుజామున సిసిలీ ఒడ్డున లంగరేసి ఉన్న బేజియన్ అనే 56 మీటర్ల విలాస నౌక తుపాను గాలికి మునిగి, ఉన్న 22 మందిలో ఏడుగురు చనిపోయారు.

మూడోది పడవ. తెరచాప పడవల్లో రెండు రకాలు. ఒకే అడుగుభాగం ఉన్నది గాలికి ఒక పక్కకి ఒరిగి వెళ్తుంది. రెండు అడుగుభాగాలున్న కాటమరాన్ పెద్దగా ఒరగదు. అద్దె ఎక్కువైనా, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకీ పిల్లలకీ అదే మేలు. అక్కడి రేవుల్లో పడవ వెనక భాగాన్ని ఒడ్డువైపు తిప్పి కడతారు. గట్టుకీ పడవకీ మధ్య సన్నటి పలక ఒకటి వేస్తారు. కింద నీళ్ళు కదులుతుంటాయి, పలక కాస్త ఊగుతుంది. రోజూ దాని మీంచే దిగాలి, ఎక్కాలి. ఆ పలక ఫొటో, వీలైతే వీడియో, బాబు చేత ముందే తెప్పించుకుని మీ వారికి చూపించండి. లైఫ్ జాకెట్ పాప బరువుకి సరిపడేది ఉందా, కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉందా అని అడగండి. ఆ పట్టీ లేకపోతే నీళ్ళలో పడ్డ పిల్లల తల మీంచి జాకెట్ పైకి జారిపోతుంది. బీపీ మాత్రలతో పాటు సముద్రపు వికారానికి ఏ మందు వాడొచ్చో డాక్టరును అడిగి రాయించుకోండి, సొంతంగా కొనొద్దు.

నాలుగోది సరిహద్దు. నీటి మీద గీత కనిపించదు, దాటితే ఏమవుతుందో మన తీరానికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 2018 నవంబరులో గుజరాత్ నుంచి వేటకెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులను గీత దాటారని పాకిస్తాన్ పట్టుకుంది. వాళ్ళలో 20 మంది 2020 జనవరి 6న గానీ వాఘా దగ్గర మన గడ్డ మీద కాలు పెట్టలేకపోయారు. గ్రీసు, టర్కీల మధ్య విహారయాత్రకు అలాంటి ప్రమాదం లేదు. చిక్కల్లా వీసాతోనే. గ్రీసు ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ దేశాల్లో ఉంది, టర్కీ లేదు. మీ వీసాలో ఒక్క ప్రవేశమే రాసి ఉంటే, టర్కీ ఒడ్డున దిగాక మళ్ళీ గ్రీసులోకి రానివ్వరు. బాబుకి జర్మనీ నివాస అనుమతి ఉంది కాబట్టి ఈ సంగతి అతనికి తట్టకపోయి ఉండొచ్చు. టర్కీ ఆలోచన మానుకోమనండి.

ఇంకో ముఖ్యమైన విషయం: షెంగెన్ వీసాకు ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. మ్యూనిక్‌లో మూడు వారాలు, గ్రీసులో ఒక వారం అయితే జర్మనీకే పెట్టాలి. పెద్దవాళ్ళకి రుసుము 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ప్రయాణ బీమా తప్పనిసరి.

ఇవన్నీ కాగితం మీది మాటలు. మీ వారి ఒంటికి పడవ పడుతుందో లేదో కాగితం చెప్పదు. దానికి చిలికా ఉంది. విజయనగరంలో రైలెక్కి బరంపురం దాటితే బలుగాం స్టేషను, అక్కణ్ణుంచి బర్కుల్ దగ్గరే. ఒడిశా పర్యాటక శాఖ వాళ్ళ పంథనివాస్‌లో దిగి, కాళీజాయ్ అమ్మవారి దీవికి బోటు మాట్లాడుకోవచ్చు. సరస్సు వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు ఉన్నా లోతు తక్కువ. సంక్రాంతి రోజున మాత్రం వెళ్ళకండి, అమ్మవారి జాతరకి జనం విపరీతంగా వస్తారు. పండగ అయ్యాక, గాలి లేని ఉదయం పూట, అందరూ జాకెట్లు వేసుకుని వెళ్ళండి. తిరిగొచ్చాక ఆయన్ని అడగండి. అప్పుడు కూడా వద్దంటే అది చూసి చెప్పిన మాట, దాన్ని మన్నించాలి.

అలా అన్నంత మాత్రాన గ్రీసు ప్రయాణం ఆగిపోనక్కర్లేదు. పిరేయస్ రేవు నుంచి ఈ దీవులకు రోజూ ఫెర్రీలు తిరుగుతాయి. హైడ్రాలోనో ఈజీనాలోనో ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, రాత్రిళ్ళు నేల మీద పడుకుని, వాతావరణం బాగున్న ఒక్క రోజు మీరూ బాబూ పడవలో తిరిగి రావచ్చు. మీ కోరికా తీరుతుంది, ఆయన మాటా నిలుస్తుంది.

ఇక మాటలు మోసే పని ఈ ఆదివారంతో ఆపేయండి. బాబు ఫోన్ చేసినప్పుడు స్పీకరు పెట్టి మీ వారి చేతికివ్వండి. ఆయన్ని నాలుగు ప్రశ్నలు అడగమనండి: ఏ నెల, నడిపేది ఎవరు, ఎలాంటి పడవ, ఏ దారి. బాబు వెంటనే జవాబు చెప్పనక్కర్లేదు, కనుక్కుని వారంలో చెప్పమనండి. వీసా దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు కాబట్టి జూన్‌కి డిసెంబరు నుంచే వీలుంటుంది. పడవకి అడ్వాన్సు మాత్రం మీరు చిలికా నుంచి తిరిగొచ్చాకే కట్టమని బాబుకి చెప్పండి.