సెంట్ ఎమిలియన్: ద్రాక్షతోటల నడిమి శిలాగ్రామము

ఫ్రాన్సు నైరృతి భాగమున, బోర్డో నగరమునకు తూర్పుగా, సున్నపురాతి గట్టుపై వెలసిన సెంట్ ఎమిలియన్ గ్రామము, తన చుట్టునున్న ద్రాక్షతోటలతోఁ గూడ 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోఁ జేరినది. ద్రాక్షతోటల సాంస్కృతిక భూదృశ్యముగా అట్టి గౌరవము నందిన మొదటి ప్రదేశ మిదియే కనుక, ప్రశ్నపత్రము కూర్చువారి కన్ను దీనిపైఁ బడుట సహజము. 8వ శతాబ్దమున బ్రిటనీ నుండి వచ్చి ఇచటి గుహలోఁ దపమొనర్చెనని చెప్పఁబడు ఎమిలియన్ అను సన్యాసి పేరే ఊరి పేరైనది. అన్నింటికంటెఁ జూడఁదగినది ఇచటి ఏకశిలా చర్చి: రాళ్లు పేర్చి కట్టినది కాదు, 12వ శతాబ్ది ప్రాంతమున కొండను లోనికిఁ దొలిచి, స్తంభములను మాత్రము మిగిల్చి మలచినది, పైనున్న గంటగోపురపు బరువు నా స్తంభములే మోయుచుండుటచేఁ గొన్నింటికి నేఁడు ఇనుప పట్టీలు బిగించియున్నారు. ఇండ్లకై రాయి తీసిన సొరంగములు వైను నిలువచేయు చల్లని నేలమాళిగలైనవి. ఇచటి ప్రధాన ద్రాక్షరకము మెర్లో. బోర్డో ప్రాంతమనఁగానే కాబెర్నే సావిన్యోన్ అని గుర్తు పెట్టువారు మార్కు కోల్పోదురు.