నర్సుల పనివేళలు – ఇంటి వేళలు

బళ్లారిలో 1961లో వైద్య కళాశాల ఆరంభమైంది. నేటికీ ఈ నగరపు ఆసుపత్రులకు రాయదుర్గం, గుంతకల్లు, ఆలూరు, ఆదోని ప్రాంతాల నుండి రోగులు వస్తూనే ఉన్నారు. రోగులకు సేవ చేసే నర్సులలో మన తెలుగు కుటుంబాల స్త్రీలూ ఉన్నారు. వారి డ్యూటీ ఎన్ని గంటలన్నది ఆసుపత్రికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. అది వార్డులోని రోగికీ, ఇంటిలోని బిడ్డకూ సంబంధించినది.

గంటల లెక్క

అనేక ప్రభుత్వ ఆసుపత్రులలో ఉదయం 8 నుండి 2 వరకు, మధ్యాహ్నం 2 నుండి రాత్రి 8 వరకు, రాత్రి 8 నుండి మర్నాటి ఉదయం 8 వరకు షిఫ్టులు నడుస్తాయి. అనగా పగటి డ్యూటీ 6 గంటలు, రాత్రి డ్యూటీ 12 గంటలు. కొన్ని ప్రైవేటు ఆసుపత్రులలో పగలు సైతం 12 గంటలే.

8 గంటల చొప్పున 6 రోజులు పనిచేసినా, 12 గంటల చొప్పున 4 రోజులు పనిచేసినా వారానికి 48 గంటలే అవుతాయి. రెండవ పద్ధతిలో 3 రోజులు సెలవు దొరుకుతుంది గనుక కొందరు నర్సులు దానినే కోరుకుంటారు. అయితే 12 గంటల డ్యూటీ 6 రోజులూ సాగినచో అది 72 గంటలవుతుంది. కావున ఉద్యోగంలో చేరేటప్పుడు షిఫ్టు పొడవుతో పాటు వారపు మొత్తాన్ని కూడా అడిగి తెలుసుకోవాలి.

డ్యూటీ ముగిసినంత మాత్రాన పని ముగియదు. తరువాతి నర్సుకు వార్డు అప్పగించడానికి అరగంట, రాకపోకలకు గంటన్నర పట్టిందనుకుందాం. 12 గంటల డ్యూటీ 14 గంటలవుతుంది. మిగిలిన 10 గంటలలోనే వంట, పిల్లల చదువు, నిద్ర అన్నీ ఇమడాలి. కోత పడేది సాధారణంగా నిద్రకే.

అధ్యయనాలు తెలిపేది

అమెరికాలో 393 మంది నర్సులు రాసుకున్న దినచర్యలను పరిశీలించి 2004లో ఒక అధ్యయనం ప్రచురించారు. షిఫ్టు పన్నెండున్నర గంటలకు చేరినప్పుడు పొరపాటు జరిగే అవకాశం మూడింతలైనట్లు అందులో తేలింది. 2015లో ప్రచురితమైన మరొక అధ్యయనం 12 ఐరోపా దేశాలలోని 31,627 మంది నర్సులను పరిశీలించింది. 12 గంటలు, అంతకు మించిన షిఫ్టులలో పనిచేసేవారిలో తీవ్రమైన అలసట, ఉద్యోగం మానుకోవాలన్న ఆలోచన అధికంగా కనిపించాయి. ఇది నర్సుల అశ్రద్ధ కాదు. అలసిన శరీరపు పరిమితి.

రాత్రి డ్యూటీ, పగటి నిద్ర

బళ్లారి ఎండలో పగటి నిద్ర సులభం కాదు. తలుపు చప్పుడు, మిక్సీ మోత, ఫోను పిలుపు దానిని ముక్కలు చేస్తాయి. అన్నిటికన్నా బరువైనది “కోడలు ఇంట్లోనే ఉంది కదా” అనే మాట. రాత్రంతా రోగుల చెంత మెలకువగా ఉన్న మనిషికి ఉదయపు నిద్ర తీరిక కాదు, అవసరం. కిటికీలకు ముదురు తెర వేయడం, ఆ గంటలలో చుట్టాలను పిలువకుండటం, భర్తగానీ అత్తమామలుగానీ వంటను, బడి పనిని పంచుకోవడం కుటుంబం చేయగల సాయాలు. నిద్ర లేచిన తరువాత బిడ్డతో కలిసి తినే ఒక పూట భోజనం తల్లీబిడ్డలిద్దరికీ ఊరట.

తెలుసుకోవలసిన ప్రమాణాలు

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1977లో నర్సుల గురించి చేసిన సిఫారసు ప్రకారం సాధారణ పనిదినం 8 గంటలకు, ఓవర్‌టైముతో కలిపి 12 గంటలకు మించరాదు. రెండు షిఫ్టుల నడుమ కనీసం 12 గంటల విరామం ఉండాలి. 12 గంటల డ్యూటీ తరువాత అప్పగింతకు అరగంట ఆగి, మర్నాడు అదే వేళకు రావలసివస్తే ఆ విరామం దక్కదు.

మన దేశంలో 2016 జనవరి 29న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంపై ఏర్పడిన కమిటీ, ప్రైవేటు నర్సుల పనివేళలు, సెలవులు ప్రభుత్వ నర్సులతో సమానంగా ఉండాలని సిఫారసు చేసింది. 2017 నాటి ప్రసూతి చట్ట సవరణ, 50 మంది లేక అంతకెక్కువ ఉద్యోగులున్న సంస్థలలో శిశుసంరక్షణ కేంద్రం ఉండాలని నిర్దేశించింది.

చర్చించండి

1. మీ ఇంటి నర్సు గత వారం మొత్తం ఎన్ని గంటలు పనిచేశారు? వరుసగా ఎన్ని గంటలు నిద్రించారు?
2. డ్యూటీ చార్టు ముందుగా తెలిస్తే మీ ఇంటి పనులలో ఏవేవి మార్చుకోగలరు?
3. ఆమె నిద్రవేళ ఇంటి పనులను ఎవరెవరు చూసుకుంటారు?