పాల బండి ఇంజను ఫ్యూజు పెట్టె: మార్చే పద్ధతి, పాటించవలసిన జాగ్రత్తలు

పాలు పితికే పాడిరైతు శ్రమ, కొలిచే కార్యదర్శి శ్రద్ధ, శీతల కేంద్రంలో పనిచేసే వారి జాగ్రత్త అన్నీ చివరకు ఒక డీజిల్ పికప్ బండి మీద ఆధారపడతాయి. బండి దారిలో ఆగితే ఎండ ఆగదు. పాలలోని సూక్ష్మజీవులు అంతకన్నా ఆగవు. కాచితే విరిగిపోయే పాలను కేంద్రం తీసుకోదు. 40 లీటర్ల క్యాన్లు 25 ఎక్కించిన బండి ఆగిపోయిందంటే 1000 లీటర్ల పాలు, అంటే ఎన్నో కుటుంబాల ఒక పూట రాబడి, రోడ్డు మీద నిలిచిపోయినట్లే. అందుచేత ఈ పాఠంలో పశువును గురించి కాక బండిని గురించి, అందులోనూ బానెట్టు కింద ఉండే ఫ్యూజు పెట్టెను గురించి ముచ్చటిస్తున్నాము.

ఉదాహరణకు జూబిలీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతాన్ని తీసుకుందాము. ఈ రెండూ సహకార గృహనిర్మాణ సంఘాల ద్వారా రాతిగుట్టల మీద వెలసిన కాలనీలే. కనుక సహకారం అనే మాట అక్కడి వారికి కొత్త కాదు. 1976లో ప్రారంభమైన అన్నపూర్ణ స్టూడియోస్, ఆ తరువాత ఫిలింనగర్‌లో వచ్చిన రామానాయుడు స్టూడియోస్ వంటి వాటితో తెలుగు చిత్ర పరిశ్రమ మద్రాసు నుండి వచ్చి ఇక్కడ స్థిరపడింది. తెల్లవారకముందే పాలు అందవలసిన ఇళ్ళు, హోటళ్ళు, టీ దుకాణాలు ఇక్కడ ఎన్నో. ఎత్తుపల్లాల వీధులు, అడుగడుగునా ఆగడం, మళ్ళీ స్టార్టు చేయడం, లైట్లు వేసి ఉంచడం, ఇవన్నీ బండి విద్యుత్ వ్యవస్థకు పరీక్షలే. చదును నేల మీద నెలల తరబడి బయటపడని లోపం ఇలాంటి ఎత్తుల మీద త్వరగా బయటపడుతుంది.

ఫ్యూజు పెట్టె చేసే పని

బ్యాటరీ నుండి వచ్చే కరెంటు మొదట ఈ పెట్టెకు చేరి, ఇక్కడి నుండి లైట్లు, హారను, రేడియేటరు ఫ్యాను, ఇంజను కంప్యూటరు వంటి వాటికి పంపకమవుతుంది. పెట్టెలో రెండు రకాల భాగాలుంటాయి. మొదటిది ఫ్యూజు. హద్దు మీరి కరెంటు పారితే తాను కరిగి తీగను కాపాడుతుంది. రెండవది రిలే. డ్రైవరు నొక్కే చిన్న స్విచ్చి ద్వారా పెద్ద కరెంటును కలిపే, తెంపే సాధనం ఇది.

పాత తరం డీజిల్ ఇంజను ఒకసారి స్టార్టయితే చాలా వరకు యంత్ర బలంతోనే నడిచేది. ఇప్పుడు వచ్చే కామన్ రైల్ ఇంజను అలా కాదు. డీజిల్ ఎప్పుడు, ఎంత చిమ్మాలో కంప్యూటరు చెబుతుంది. 2020 ఏప్రిల్ 1 నుండి బీఎస్-6 నిబంధన వచ్చాక సెన్సర్లు ఇంకా పెరిగాయి. కంప్యూటరుకు కరెంటు ఇచ్చే రిలే దగ్గర పట్టు వదులైతే నడుస్తున్న బండి ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఇంజను ఆగితే బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ కూడా ఆగుతుంది. పెడలును రెండు మూడు సార్లు నొక్కాక బ్రేకు బాగా బిగుసుకుపోతుంది. నిండు బరువుతో పల్లం దిగుతున్నప్పుడు ఇది జరిగితే ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు.

12 వోల్టులు కదా, ఏమవుతుంది?

ఈ మాట చాలామంది అంటారు. సినిమా షూటింగులో వాడే 1000 వాట్ల లైటు 230 వోల్టుల మీద సుమారు 4.3 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. అదే 1000 వాట్ల పని 12 వోల్టుల బ్యాటరీతో చేయాలంటే సుమారు 83 ఆంపియర్లు కావాలి. వోల్టేజి తక్కువైన కొద్దీ కరెంటు ఎక్కువ కావాలి. బండిలోని కరెంటు మనిషికి షాకు కొట్టకపోవచ్చు గాని, తీగను ఎర్రగా కాల్చగలదు.

మరొక లెక్క చూడండి. 30 ఆంపియర్లు పారే చోట టెర్మినల్ చిలుము పట్టి 0.05 ఓముల నిరోధం ఏర్పడిందనుకుందాము. 30 × 30 × 0.05 = 45 వాట్లు. ఇది టంకం వేసే ఇనుము వేడితో సమానం. అంత వేడి ప్లాస్టిక్ పెట్టెలో ఒకే చోట పుడితే ప్లాస్టిక్ మెత్తబడి, పట్టు ఇంకా వదులై, వేడి ఇంకా పెరుగుతుంది. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, కరెంటు 30 ఆంపియర్లు దాటలేదు కాబట్టి ఫ్యూజు పోదు, పెట్టె కాలుతుంది. ఫ్యూజు బాగానే ఉంది కదా అని ఊరుకోరాదని చెప్పడం ఇందుకే.

పెట్టె ఎందుకు చెడుతుంది?

మొదటి కారణం నీరు. పాల బండిని రోజూ కడగవలసిందే. అయితే తొట్టిని కడిగే నీటి గొట్టాన్ని బానెట్టు లోపలికి తిప్పరాదు. సోడా కలిసిన నీరు టెర్మినళ్ళను మరీ త్వరగా తింటుంది. రెండవది ఎలుక. ఒలికిన పాల వాసనకు, దాణా గింజలకు చేరి తీగల తొడుగు కొరుకుతుంది. మూడవది అదనపు లైట్లు, హారన్లు, పాటల పెట్టెలు. వీటి తీగలను ఉన్న ఫ్యూజుకే చుట్టడం వల్ల భారం పెరుగుతుంది. నాలుగవది, అన్నిటికన్నా చెడ్డది, పోయిన ఫ్యూజు స్థానంలో రాగి తీగ, సిగరెట్టు కాగితం పెట్టడం, లేదా 10 ఆంపియర్ల చోట 30 ఆంపియర్లది గుచ్చడం. ఫ్యూజు కాపాడేది లైటును కాదు, లైటుకు వెళ్ళే తీగను. పెద్ద ఫ్యూజు పెడితే కరగవలసిన ఫ్యూజు మిగులుతుంది, మిగలవలసిన తీగ కరుగుతుంది.

రంగులను గుర్తుంచుకుంటే పొరపాటు జరగదు. సాధారణ బ్లేడు ఫ్యూజులలో ఎరుపు 10, నీలం 15, పసుపు 20, తెలుపు 25, ఆకుపచ్చ 30 ఆంపియర్లు. పెద్ద సైజు ఫ్యూజుల రంగులు వేరు కనుక వాటి మీది అంకె చూడాలి.

మార్చే ముందు

కాలిన వాసన, మెత్తబడిన ప్లాస్టిక్, నల్లబడిన గుంటలు, పచ్చని చిలుము, తట్టితే వచ్చే పోయే కరెంటు కనిపిస్తే పెట్టె మార్చవలసిందే. కేవలం ఒక ఫ్యూజు పోతే పెట్టె మార్చనక్కరలేదు. అది ఎందుకు పోయిందో వెతకాలి. కారణం వెతకకుండా కొత్త పెట్టె పెడితే అదీ కాలుతుంది.

కొత్త పెట్టెను పాతదాని మీది పార్టు నంబరు చూసి కొనాలి. పైకి ఒకేలా ఉన్నా ఒకే కంపెనీ బండ్లలోనే లోపలి కలయికలు సంవత్సరాన్ని బట్టి మారవచ్చు. కొన్ని బండ్లలో పెట్టెలోనే చిన్న కంప్యూటరు ఉంటుంది. దానికి కంపెనీ వారి స్కానరుతో బండి వివరాలు ఎక్కించవలసి ఉంటుంది. అటువంటిది, వారంటీలో ఉన్న బండి, అధీకృత సర్వీసు కేంద్రానికే పంపడం మేలు. మిగతావాటికి అనుభవమున్న ఆటో ఎలక్ట్రీషియను చాలు. అయినా పని క్రమం డ్రైవరుకు, సంఘ కార్యదర్శికి తెలిసి ఉండాలి. తెలిస్తేనే పని సరిగా జరిగిందో లేదో అడగగలరు.

పని క్రమం

1. బండిని చదును నేల మీద ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్ళు పెట్టాలి. ఇంజను చల్లారనివ్వాలి. తాళం తీసి పది నిమిషాలు ఆగితే కంప్యూటరు తన పని ముగించుకుంటుంది.

2. మూత తీసి ప్రతి ఫ్యూజు, ప్రతి రిలే, ప్రతి కనెక్టరు కనబడేలా ఫోనుతో ఫోటోలు తీయాలి. ఇది పని చివర గంటసేపు తడుముకోకుండా కాపాడుతుంది.

3. బ్యాటరీ నెగటివ్ తీగ ముందు విప్పాలి, పాజిటివ్ తరువాత. పాజిటివ్ ముందు విప్పితే పానా బాడీకి తగిలి పెద్ద నిప్పురవ్వ పుడుతుంది. చేతి ఉంగరం, గడియారం తీసివేయాలి. బ్యాటరీ దగ్గర బీడీ, సిగరెట్టు పనికిరావు.

4. కనెక్టర్లకు కాగితం అంటించి అంకెలు వేసి, తాళం మీట ఎత్తి తీయాలి. తీగలు పట్టుకుని లాగరాదు. పక్కనున్న డీజిల్ హై ప్రెషర్ గొట్టాల నట్లు ముట్టరాదు.

5. ప్రధాన తీగ నట్టు, పెట్టె బోల్టులు విప్పి పాతదాన్ని తీయాలి. పాత, కొత్త పెట్టెలను పక్కపక్కన పెట్టి గుంటలు, కనెక్టర్ల ఆకారం పోల్చాలి.

6. తీగల చివరలు పరీక్షించాలి. నల్లబడిన టెర్మినల్‌ను గీకి మళ్ళీ వాడరాదు. మంచి తీగ వచ్చేవరకు కోసి కొత్తది క్రింపు చేయాలి. మెలిపెట్టి టేపు చుట్టడం పరిష్కారం కాదు.

7. కొత్త పెట్టె బిగించి, కనెక్టర్లను టక్కుమని శబ్దం వచ్చేవరకు నొక్కాలి. ప్రధాన నట్టును కంపెనీ పుస్తకం చెప్పినంతే బిగించాలి. వదులైతే వేడి పుడుతుంది, మరీ బిగిస్తే ప్లాస్టిక్ పగులుతుంది.

8. మూత మీది పటం, ఫోటోలు చూసి ఫ్యూజులు, రిలేలు అమర్చాలి. పాత ఫోటోలోనే తప్పు అంకె ఉంటే పటాన్నే నమ్మాలి. చివరగా పాజిటివ్, ఆ తరువాత నెగటివ్ కలపాలి.

పరీక్ష

మంచి బ్యాటరీ ఇంజను ఆపి ఉన్నప్పుడు సుమారు 12.5 వోల్టులు, నడుస్తున్నప్పుడు సుమారు 14 వోల్టులు చూపాలి. లైట్లు, ఫ్యాను వేసి, మల్టీమీటరు ఒక ముల్లు బ్యాటరీ పాజిటివ్ మీద, రెండవది పెట్టె ప్రధాన నట్టు మీద పెట్టి చూడండి. తేడా 0.2 వోల్టులకు మించితే ఎక్కడో పట్టు సరిగా లేదన్న మాట. ఇరవై నిమిషాలు నడిపాక పెట్టె దగ్గర ఎక్కడైనా అసాధారణమైన వేడి ఉందేమో చూడాలి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ విప్పి పరీక్షించే పాత అలవాటును పూర్తిగా మానాలి. దానితో కంప్యూటరు పోగలదు.

దారిలో కాలిన వాసన వస్తే

పల్లంలో ఆపకుండా, వీలైతే దగ్గరి చదును చోటికి చేర్చి, తాళం తీసి, చక్రానికి రాయి పెట్టాలి. పొగ వస్తుంటే బానెట్టు పూర్తిగా తెరవరాదు. గాలి తగిలి మంట లేస్తుంది. నీరు పోయరాదు, పొడి రకం అగ్నిమాపక సిలిండరు వాడాలి. మంట అదుపు తప్పితే పాలను గురించి ఆలోచించక మనుషులు దూరం జరగాలి. ప్రమాదం లేదని తేలాక మాత్రమే వేరే బండి తెప్పించి పాలు మార్చాలి.

సంఘ సమావేశంలో చర్చించవలసినవి

మన పాలు మోసే బండిలో సరైన అంకెల ఫ్యూజులు విడిగా ఉన్నాయా? అగ్నిమాపక సిలిండరు గడువు దాటిందా? బండి ఆగితే ఏ పక్క సంఘం బండి వస్తుందో ముందే మాట్లాడుకున్నామా? అద్దె బండి అయితే విద్యుత్ మరమ్మతు ఎవరిదో ఒప్పందంలో రాసుకున్నామా? ఫ్యూజు పోయిందని చెప్పిన డ్రైవరును ఆలస్యానికి కోప్పడుతున్నామా, లేక బండిని ఆపినందుకు మెచ్చుకుంటున్నామా? కోప్పడే చోట డ్రైవరు రాగి తీగ చుడతాడు. మెచ్చుకునే చోట మరమ్మతు చేయిస్తాడు. ఈ అయిదు ప్రశ్నలకు జవాబులు వచ్చే సమావేశంలోనే తీర్మాన పుస్తకంలో నమోదు చేయవలసిందిగా సభ్యులను కోరుతున్నాము.