చిట్టితల్లికి, ప్రయాణానికి ముందు



నీ ఉత్తరం చదివాను. లాప్‌టాప్ పట్టుకుని రెండు నెలలు బాలి, తర్వాత థాయిలాండ్, ఆపైన యూరప్ అన్నావు. వెళ్ళొద్దనను. బర్మాలోని రంగం వెళ్ళిన ముత్తాత ఉన్న ఇల్లు మనది, ఆ కథంతా నీకు తెలిసిందే. నువ్వెంత దూరం వెళ్ళినా నాకు బెంగే తప్ప భయం లేదు. టూరిస్టు వీసా మీద వెళ్ళి పని చేసుకుంటాననీ, ఆఫీసులో చెప్పననీ రాశావు చూడు, భయం అక్కడ పట్టుకుంది.

అందరూ అలాగే వెళ్తున్నారంటావు. నిజమే, విమానాశ్రయంలో ఎవరూ నీ లాప్‌టాప్ తెరిచి చూడరు. కానీ ఇలా పనిచేసేవాళ్ళ కోసం 2020లో ఎస్తోనియా, 2023లో స్పెయిన్, 2024లో థాయిలాండ్ విడిగా వీసాలు పెట్టాయి. బాలి ఉన్న ఇండోనేషియా కూడా ఇస్తోంది, ఏటా 60,000 డాలర్ల ఆదాయం చూపించమంటుంది. వేరే దారి వేశారంటే టూరిస్టు దారి ఈ పనికి కాదనేగా అర్థం? అంత జీతం నాకెక్కడిదంటావు. అందుకే బాలితో మొదలుపెట్టకు. డీటీవీ అనే ఆ థాయిలాండ్ వీసాకు 5 లక్షల బాత్‌ల నిల్వ, ఉద్యోగానికి రుజువు ఉండాలి. ఐదేళ్ళు చెల్లుతుంది, వెళ్ళినప్పుడల్లా 180 రోజులు ఉండొచ్చు. మలేసియా ఇచ్చే ఇలాంటి వీసాకు ఐటీ వాళ్ళకు ఏటా 24,000 డాలర్ల ఆదాయం చాలు. ఏ దేశమైనా రోజులు లెక్కపెట్టుకో. ఒక క్యాలెండర్ సంవత్సరంలో 180 రోజులుంటే థాయిలాండ్ పన్ను లెక్కలోకి వస్తావు.

ఆఫీసుకు చెబితే కాదంటారేమోనని నీ అనుమానం. అనొచ్చు, వాళ్ళ ఇబ్బందులు వాళ్ళకున్నాయి. ఉద్యోగి పరాయి దేశంలో కూర్చుని పనిచేస్తే ఆ దేశం కంపెనీని కూడా పన్ను అడగవచ్చు. క్లయింటు డేటా ఎక్కడ తెరవాలన్న దాని మీదా ఒప్పందాలుంటాయి. బాలి కుదరదన్న మేనేజరు ఇంకో దేశానికో, ఇన్ని నెలలకో ఒప్పుకోవచ్చు. దాచి వెళ్ళావని తెలిశాక మాత్రం దేనికీ ఒప్పుకోడు.

ఇక స్కూటరు సంగతి. నవ్వకు తల్లీ, రాత్రిళ్ళు నాకు నిద్ర పట్టనివ్వనిది అదే. బాలి అయినా థాయిలాండ్‌లోని చియాంగ్ మై అయినా అక్కడ అందరూ అద్దె స్కూటరే ఎక్కుతారు, నువ్వూ ఎక్కుతావు. మీ అమెరికా క్లయింటు మీటింగు మన రాత్రి తొమ్మిదికి మొదలైతే బాలిలో అప్పటికే పదకొండున్నర. అది ముగించుకుని ఆ ఇరుకు రోడ్ల మీద ఒక్కదానివే వస్తుంటావన్న ఊహే నేను తట్టుకోలేను. పడితే ఎవరు చూస్తారు? మన మెడిక్లెయిమ్‌లు మామూలుగా ఈ దేశంలో వైద్యానికే డబ్బిస్తాయి. ప్రయాణ బీమా ఉందంటావు. మోటారు సైకిలుకు చెల్లే అంతర్జాతీయ పర్మిట్ లేకపోయినా, హెల్మెట్ పెట్టుకోకపోయినా చాలా పాలసీలు పైసా ఇవ్వవు. విహారయాత్ర అని రాసిచ్చి, అక్కడ ఉద్యోగం చేస్తున్నావని తేలితే తగాదాకు ఇంకో కారణం దొరికినట్టే. ఆస్పత్రిలో డిపాజిట్ అడిగే వేళ ఎక్కడున్నావో ఆఫీసుకు తెలియక, ఏ వీసా మీదున్నావో చెప్పుకోలేక నలిగిపోతావు. ఉన్నదున్నట్టు రాసిచ్చి వెళ్తే అడగడానికి నీకు నోరుంటుంది, నీ తరఫున పరుగెత్తడానికి మాకూ ఒక దారి ఉంటుంది. ఆ పర్మిట్ ఇక్కడే ఆర్టీవో ఆఫీసులో తీసుకో. హెల్మెట్ కూడా నీ తలకు సరిపోయేది ఇక్కడి నుంచే పట్టుకెళ్ళు. జుట్టు పాడవుతుందనకు. చీకటి పడ్డాక అసలు నడపకు, టాక్సీ డబ్బులు నేను పంపిస్తాను.

వయసులో ఉన్నప్పుడే తిరగాలి, ఆ మాట కాదనను. కాగితాలు సరిచేసుకోవడానికి కొన్ని వారాలు పడతాయి, అంతలో వయసెక్కడికీ పోదు. ముందు మీ హెచ్‌ఆర్‌కు మెయిల్ రాయి, జవాబు రాతపూర్వకంగా తీసుకో. బీమా కొనేముందు మినహాయింపుల పేజీలు నాకు పంపు. చిన్న అక్షరాలైనా సరే, కూర్చుని మొత్తం చదివి చెబుతాను.

నీ పెదనాన్న