పప్పుశనగలో మాంసకృత్తులు – మన గుండెకు చేసే మేలు



కనుమ నాడు మొదలయ్యే అహోబిలం పారువేటలో స్వామి పల్లకి ఊరూరా తిరిగే రోజుల్లోనే మన నల్లరేగడి చేలల్లో పప్పుశనగ కోతకొస్తుంది. కళ్లం మీది నుంచే బస్తాలు వ్యాపారికి పోతాయి. తర్వాత పండించిన మనమే అంగట్లో పావుకిలో లెక్కన పప్పు కొంటాం. ఇంకోపక్క ఏ ఇంట్లో చూసినా బీపీ మాత్రలు. అందుకే ఈసారి ఆ గింజ మన ఒంట్లోకి పోయాక ఏం చేస్తుందో చెప్పుకుందాం.

మాంసకృత్తి ఎక్కడిది?

వీడియోలో పూతకు ముందున్న మొక్కను పీకి, వేరు బుడిపెను గోటితో చీల్చి చూపించాను. లోపల ఎర్రగా ఉంటే రైజోబియం బాగా పనిచేస్తున్నట్టు లెక్క. ఆ ఎరుపు లెగ్‌హిమోగ్లోబిన్‌ది, మన నెత్తుట్లోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టం. రైజోబియం గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తే, మొక్క దాన్ని గింజలో మాంసకృత్తిగా దాస్తుంది. 100 గ్రాముల శనగల్లో ఇది సుమారు 20 గ్రాములు. 200 లీటర్ల ద్రవజీవామృతంలో 2 కిలోల పప్పుల పిండి కలుపుతాం కదా, అది సూక్ష్మజీవులకు మాంసకృత్తుల మేత.

గుండెకు ఎలా మేలు?

1. పప్పుల మాంసకృత్తుల్లో ఆర్జినిన్ ఎక్కువ. దాని నుంచి శరీరం నైట్రిక్ ఆక్సైడ్ తయారు చేసుకుంటుంది. దాంతో రక్తనాళాలు సడలుతాయి.

2. అరుగుదలలో మాంసకృత్తులు చిన్న ముక్కలవుతాయి. వాటిలో కొన్ని, బీపీ పెంచే ఎంజైమును అడ్డుకుంటున్నట్టు ప్రయోగశాలల్లో కనిపించింది. అయితే పరీక్షనాళికలో జరిగిందంతా మన ఒంట్లో అంతే జరుగుతుందని అనుకోకూడదు.

3. గింజలోని కరిగే పీచు పేగుల్లో పిత్తరసాన్ని పట్టుకుని బయటికి పంపుతుంది. మళ్లీ పిత్తరసం చేయడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది.

ఎంత తగ్గుతుంది? 26 పరీక్షలు, 1,037 మంది ఫలితాలను కలిపి చూసిన అధ్యయనం ఒకటి 2014లో కెనడా వైద్య సంఘం పత్రికలో వచ్చింది. రోజుకు సుమారు 130 గ్రాముల ఉడికిన పప్పుదినుసులు తిన్నవాళ్లలో చెడు కొలెస్ట్రాల్ 5 శాతం దాకా తగ్గింది.

ఒక్క మాంసకృత్తికే ఈ పేరు కట్టబెట్టకూడదు. సోయా మాంసకృత్తి గుండెకు మంచిదని ప్యాకెట్ల మీద రాసుకోవడానికి అమెరికా ఎఫ్‌డీఏ 1999లో ఒప్పుకుంది. ఆధారాలు ఒక్కతీరుగా లేవని 2017లో ఆ అనుమతిని వెనక్కి తీసుకుంటామని ప్రతిపాదించింది. కాబట్టి డబ్బాల్లో అమ్మే ప్రొటీన్ పొడి కన్నా పొట్టుతో ఉన్న పూర్తి గింజే మనకు నమ్మకం.

ఎంత తినాలి, ఎలా తినాలి?

హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2,000 కేలరీల భోజనానికి రోజుకు 85 గ్రాముల పప్పుదినుసులు చెప్పింది. గుడ్డు, మాంసం తినేవాళ్లకు అవీ ఆ లెక్కలోనే. నలుగురున్న ఇంటికి రోజుకు 340 గ్రాములు, అంటే ఏడాదికి 124 కిలోలు. శనగ, కంది, ఉలవ, అలసంద, పెసర కలిపి క్వింటాలుంబావు పక్కన పెట్టుకుంటే చాలు.

- రాత్రి నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి ఉడికించండి. కడుపుబ్బరం తగ్గుతుంది.
- పప్పుల్లో మెథియోనిన్ తక్కువ. కొర్రన్నం, జొన్నరొట్టె జతచేస్తే ఆ లోటు తీరుతుంది.
- గుగ్గిళ్లు, ఉలవచారు మంచివే. ఉప్పు మాత్రం తగ్గించండి. శనగపిండి బజ్జీలను గుండె లెక్కలో వేయకండి.
- బాగా ఎండబెట్టి, ఎండిన వేపాకు వేసి దాచుకోండి. కందులకు ఎర్రమట్టి పట్టించడం మన పెద్దల పద్ధతే.

బీపీ, గుండె మాత్రలు వాడేవాళ్లు పప్పు తింటున్నామని వాటిని ఆపకండి. కిడ్నీ జబ్బున్నవాళ్లు ఎంత తినాలో డాక్టరును అడగండి.

ఈ ఏడు కళ్లంలో కాటా పెట్టేటప్పుడు ముందు ఇంటి బస్తా కట్టండి, తర్వాతే వ్యాపారిని పిలవండి.