కార్డు ఎవరి చేతిలో ఉందో ముందు తేల్చుకోండి

లినక్స్ హోస్ట్ మీద నడిచే వర్చువల్ మెషీన్‌కి గ్రాఫిక్స్ కార్డు అప్పగించామనుకోండి. తెర నల్లగా ఉండిపోతే కుర్రాళ్లు వెంటనే విండోస్‌ని మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం మొదలుపెడతారు. నేను చూసినంతలో జబ్బు ఎక్కువసార్లు హోస్ట్‌లోనే ఉంటుంది. అందుకే ఈ ఆరు మాటలు.

1. బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్‌లో ఉంటే సరిపోదు. ఇంటెల్ బోర్డులో వీటీ-డీ, ఏఎమ్‌డీ బోర్డులో ఐఓఎమ్‌ఎమ్‌యూ విడిగా ఆన్ చేయాలి. కార్డు మెమరీని నేరుగా చదివే, రాసే దారికి కాపలా కాసేది అదే.

2. ఐఓఎమ్‌ఎమ్‌యూ గ్రూపులు, అంటే విడదీయకుండా కలిపే అప్పగించాల్సిన పరికరాల గుంపులు, చూడండి. మీ కార్డున్న గ్రూపులోనే డిస్క్ కంట్రోలరో నెట్‌వర్క్ కార్డో ఉంటే ముందు స్లాట్ మార్చి చూడండి. గ్రూపుల్ని విడగొట్టడానికి కొందరు వాడే ఏసీఎస్ ఓవర్‌రైడ్ ప్యాచ్‌ని కెర్నెల్ మెయిన్‌లైన్‌లోకి తీసుకోలేదు. అది పరికరాల మధ్య గోడ కట్టదు, గోడ ఉందని కెర్నెల్‌ని నమ్మిస్తుంది, అంతే. ఇంట్లో ఆటలాడుకునే పీసీలో పెట్టుకుంటే పెట్టుకోండి. పదిమంది మెషీన్లు నడిచే సర్వర్‌లో మాత్రం నేను ససేమిరా ఒప్పుకోను.

3. అసలు పేచీ అంతా ఇక్కడే. ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌ని డ్రైవర్లు చూపించే ఆప్షన్‌తో నడపండి. కార్డు 01:00.0 దగ్గర ఉంటే, దాని హెచ్‌డీఎమ్‌ఐ ఆడియో సాధారణంగా 01:00.1 దగ్గర ఉంటుంది. వాడుకలో ఉన్న డ్రైవర్‌గా రెండింటికీ, కార్డుని వర్చువల్ మెషీన్ కోసం పట్టి ఉంచే వీఎఫ్‌ఐఓ-పీసీఐ పేరే కనిపించాలి. నువో, ఎన్‌విడియా, ఏఎమ్‌డీజీపీయూ లాంటివి కనిపిస్తే, బూట్ అవుతుండగానే హోస్ట్ కార్డుని పట్టేసుకుందన్నమాట. వీఎఫ్‌ఐఓ కాన్ఫిగ్ ఫైల్ సరిగ్గానే రాసి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ని మళ్లీ తయారు చేయడం మరిచిపోయేవాళ్లు చాలామంది.

పేరు సరిగ్గా ఉన్నా కథ అయిపోలేదు. కెర్నెల్ లాగ్‌లో బార్ (కార్డు మెమరీకి కేటాయించిన అడ్రసుల భాగం) రిజర్వ్ చేయలేకపోయానన్న మాట పదేపదే వస్తోందా? ప్రాక్‌లోని ఐఓమెమ్ ఫైల్ తెరిచి, కార్డు అడ్రసుల కింద ఎవరి పేరుందో చదవండి. అక్కడ ఎఫిఎఫ్‌బీ అనో బూట్‌ఎఫ్‌బీ అనో ఉంటే, బూట్ తెర గీసిన ఫ్రేమ్‌బఫర్ ఆ మెమరీని ఇంకా వదల్లేదు. బయోస్‌లో మొదటి డిస్‌ప్లేగా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌ని ఎంచుకుంటే చాలావరకు తీరిపోతుంది.

4. ఒకప్పుడు జీఫోర్స్ డ్రైవర్ హైపర్‌వైజర్‌ని పసిగడితే కోడ్ 43 చూపించి ఆగిపోయేది. 2021లో 465 సిరీస్ డ్రైవర్లతో ఎన్‌విడియా ఆ అడ్డు తీసేసింది. ఇప్పుడూ 43 వస్తుంటే హైపర్‌వైజర్‌ని దాచే పాత చిట్కాలు తర్వాత, ముందు డ్రైవర్ వెర్షన్, వీడియో రోమ్ చూడండి.

5. మొదటిసారి చక్కగా లేచి, మెషీన్‌ని ఆపి మళ్లీ వేస్తే కార్డు మొండికేస్తోందా? పోలారిస్, వేగా, నవీ తరం ఏఎమ్‌డీ కార్డుల్లో కొన్నిటికి ఈ రీసెట్ జబ్బు ఉంది. వెండర్-రీసెట్ అనే కెర్నెల్ మాడ్యూల్ వాటిలో చాలావాటికి పనిచేస్తుంది. కొనేముందే ఆ మోడల్ సంగతి కనుక్కోవడం ఇంకా మేలు.

6. ఈ పని మొదలుపెట్టే ముందే హోస్ట్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్ దారి తెరిచి పెట్టుకోండి. తెర పోయినా పక్క ల్యాప్‌టాప్ నుంచి కెర్నెల్ లాగ్ చదవొచ్చు.