గొట్టం కొస

1953 మే 6న ఫిలడెల్ఫియాలో డాక్టర్ జాన్ గిబ్బన్ ఒక యువతి గుండెలోని రంధ్రం మూస్తుంటే, ఆమె గుండె, ఊపిరితిత్తుల పనిని 26 నిమిషాలు యంత్రం మోసింది. ఆ యంత్రం గురించి అందరూ చెబుతారు. దాన్నుంచి రక్తాన్ని ఒంట్లోకి చేర్చే కాన్యులా గురించి అడిగేవాళ్లు తక్కువ. మా డిజైన్ విభాగంలో కొత్తగా చేరే పిల్లలకు నేను చెప్పేవి ఇవి.

1. ముందు గోడ మందం చూడండి. కాన్యులా సైజు ఫ్రెంచ్‌లలో చెబుతారు, మూడు ఫ్రెంచ్‌లు ఒక మిల్లీమీటరు. 20 ఫ్రెంచ్ అంటే 6.7 మిల్లీమీటర్లు, అదీ బయటి కొలత. బృహద్ధమనికి పెట్టే గాటు బయటి కొలతను బట్టి, పారే రక్తం లోపలి కొలతను బట్టి. లోపలి వ్యాసం పదో వంతు తగ్గితే, పాయిజలీ సూత్రం ప్రకారం అదే ఒత్తిడికి ప్రవాహం మూడో వంతు పడిపోతుంది. గోడ పలచన చేసి, మడత పడకుండా లోపల స్టీలు తీగ చుట్టేది అందుకే.

2. ఆ సూత్రం సుడులు లేని పారుదలకే. గ్లిజరిన్ కలిపిన నీళ్లు పంపి ఒత్తిడి ఎంత పడుతోందో బెంచి మీద కొలవండి. ఎర్రకణాలు చితుకుతున్నాయా అన్నది మాత్రం ఆ నీళ్లలో తేలదు. పశువుల రక్తం తిప్పి, ప్లాస్మాలోకి వచ్చిన హిమోగ్లోబిన్ చూడాల్సిందే. ఆ వాసనకు అందరూ తప్పించుకు తిరుగుతారనుకోండి.

3. అసలు పేచీ కొసలో ఉంది. నిమిషానికి 5 లీటర్లు 6 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి వెళితే వేగం సెకనుకు దాదాపు 3 మీటర్లు. ఆ ధార బృహద్ధమని ఎదుటి గోడకు తగులుతుంది. పెద్దవయసువాళ్లలో ఆ గోడకు కొవ్వు, సున్నం పేరుకుని ఉంటాయి. పెచ్చు ఊడితే మెదడుకు పోయి పక్షవాతం రావచ్చు. పక్కరంధ్రాలు పెట్టి ధారను చీల్చవచ్చు. కానీ ప్రతి రంధ్రం అంచూ రక్తకణాలను ఒరుసుకునే చోటే, పైగా కొస బలం తగ్గుతుంది. నన్నడిగితే, ఎంత పారుతోందన్న అంకె కన్నా ముందు ధార ఎటు తగులుతోందో రంగునీళ్లతో చూడాలి. కొసను కొద్దిగా తిప్పితే బొమ్మంతా మారిపోతుంది.

4. నమూనాను తడి గ్లవ్స్‌తో పట్టుకుని చూడండి. జారితే మళ్లీ గీయండి.

5. పసిపిల్లల కాన్యులా వేరే వస్తువు. 8 ఫ్రెంచ్‌కు బయటి కొలతే 2.7 మిల్లీమీటర్లు. గోడను అదే దామాషాలో సన్నం చేస్తే నొక్కుకుపోతుంది, చేయకపోతే లోపల దారి మిగలదు. పెద్దవాళ్ల డ్రాయింగును కుదించి తెస్తే నేను సంతకం పెట్టను.